హాల్లో ఫ్యాను మార్చాను, బిల్లు ఎంత తగ్గిందో మీటరు దగ్గర కూర్చుని లెక్కపెట్టాను

బీఎల్‌డీసీ ఫ్యాను, అదే తక్కువ కరెంటుతో తిరిగే రకం, కొని పోయిన నెలతో ఏడాది నిండింది. కొనేముందు నేను చూసిన రివ్యూలన్నీ ఫ్యాను బిగించిన మర్నాడు రాసినవే, గాలి బాగుంది, రిమోటు బాగుంది, ఐదు స్టార్లు, అంతే. మాకు కావలసింది గాలి ఒక్కటే కాదు, బిల్లు తగ్గిందా లేదా అన్నది. అందుకే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం అయ్యాక రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇందులో ఒక తిట్టు కూడా ఉంది, పైగా ఏ కంపెనీదైనా లెక్క ఇంచుమించు ఇదే.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే లెక్క అర్థం కాదు. విశాఖ చినవాల్తేరులో రెండు గదుల పోర్షను, అద్దె 6,500. మా ఆయన కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర మందుల షాపులో చేస్తారు, 18 వేలు వస్తుంది. నేను ఇంట్లోనే మిషను కుడతాను, జాకెట్లు, ఫాల్స్, పండగ నెలలో ఐదారు వేలు, ఆషాఢంలో రెండు వేలు కూడా కష్టం. ఇద్దరు పిల్లలు, అత్తయ్య. అద్దె, స్కూలు ఫీజు, చీటీ, బియ్యం పోగా మిగిలేదానిలో కరెంటు బిల్లు ఒక్కటే ప్రతి నెలా వేరే అంకెతో వచ్చి భయపెడుతుంది. అద్దె పెరిగితే ముందే చెప్తారు, పాల ధర పెరిగితే ప్యాకెట్టు మీదే కనపడుతుంది. కరెంటు మాత్రం వాడేసిన తర్వాత చెప్తారు.

అంతకుముందు ఏడు మే నెలలో మాకు 250 యూనిట్లు వచ్చింది. ఏసీ లేదు, గీజరు లేదు, అన్నీ ఎల్‌ఈడీ బల్బులే. ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, కుట్టు మిషను మోటారు, మూడు ఫ్యాన్లు. విశాఖలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ, రోహిణీ కార్తెలో సముద్రం పక్కనే ఉన్నా ఆకు కదలదు. మా హాల్లోనే నా మిషను, హాల్లోనే అత్తయ్య మంచం, అంటే ఆ ఫ్యాను రోజుకి ఇరవై గంటలు తిరగాల్సిందే. పడకగదిలోది పది గంటలు. వంటింట్లోది ఎంతసేపు, మహా అయితే రెండు గంటలు, అది కూడా పొయ్యి ఆరిపోతుందని సగం సార్లు ఆపేస్తాను.

పాత ఫ్యాన్లు 75 వాట్లవి. హాల్లోది హుద్‌హుద్ తుపానుకి ముందు కొన్నది. 2014 అక్టోబరు 12న కిటికీ రెక్క ఊడి వచ్చి మంచం మీద పడింది గానీ ఫ్యానుకి ఏమీ కాలేదు, తర్వాత రోజుల తరబడి కరెంటే లేదు కాబట్టి దానికి రెస్టు కూడా దొరికింది. దాన్ని దింపుతుంటే అత్తయ్య మొహం చూడలేకపోయాను. "తిరుగుతున్నదాన్ని తీసీడం ఏటమ్మా?" అంది. న్యాయమైన ప్రశ్నే.

డాబాగార్డెన్స్‌లో ఒక ఎలక్ట్రికల్ షాపులో 2,900కి కొన్నాను. ఈఎంఐ పెడతామన్నారు, వద్దన్నాను, నెలనెలా బిల్లు తగ్గించుకోవడానికి కొనే వస్తువుకి నెలనెలా ఇంకో బిల్లు ఎందుకు. బిగించడానికి వచ్చిన అబ్బాయి 150 తీసుకున్నాడు. ఇక్కడొక ముఖ్యమైన మాట. పాత రెగ్యులేటరు మీదుగా ఈ ఫ్యాను నడపకూడదు. లోపల సర్క్యూట్ ఉంటుంది, స్పీడు అదే చూసుకుంటుంది, రెగ్యులేటరు తిప్పితే బోర్డు పాడవుతుంది. ఆ అబ్బాయి "ఐదు మీద పెట్టి వదిలేయండక్కా, పర్లేదు" అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఇంట్లో పిల్లలున్నారు, గుండ్రంగా తిరిగేది గోడ మీద కనిపిస్తే తిప్పకుండా ఉంటారా? దాన్ని తీయించేసి నేరుగా స్విచ్చికి కలిపించాను.

అట్ట మీద 28 వాట్లు అని రాసి ఉంది. రాతల్ని నమ్మి మోసపోయిన అనుభవం చాలా ఉంది కాబట్టి మీటరు దగ్గరికి వెళ్ళాను. మన డిజిటల్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది చూడండి, దాని పక్కనే ఒక యూనిట్‌కి ఎన్నిసార్లు మెరుస్తుందో అంకె ఉంటుంది. మాదాని మీద 3200. అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్టు కాలినట్టు. ఫ్రిజ్జుతో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, పాత ఫ్యాను ఒక్కటే ఫుల్‌లో పెట్టి, మా బాబుని మీటరు ముందు స్టూలు మీద కూర్చోబెట్టాను, పది నిమిషాల్లో 40 సార్లు మెరిసింది. కొత్తది బిగించాక మళ్ళీ అదే పని, 15 సార్లు. వాడికి ఎనిమిదేళ్ళు, మధ్యలో ఒకటి తప్పాడేమో తెలీదు, అయినా లెక్క సరిపోయింది. 40 మెరుపులంటే సరిగ్గా 75 వాట్లు, 15 అంటే 28. అట్ట మీద రాసింది నిజమే. స్పీడు మూడు మీద పెడితే పది నిమిషాలకి ఆరే మెరుపులు. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, మీ ఇంట్లో ఏ వస్తువుకైనా చేసుకోవచ్చు. మేము ఆ ఊపులో ఇస్త్రీ పెట్టె కూడా పెట్టి చూశాం, లెక్కపెట్టలేక బాబు లేచి పారిపోయాడు.

సరే, 75కీ 28కీ తేడా 47 వాట్లు, ఇరవై గంటలకి 940, వెయ్యయితే ఒక యూనిట్టు, ఆ లెక్కన నెలకి 28 యూనిట్లు. ఇప్పుడు 28 యూనిట్లంటే ఎన్ని రూపాయలు? చాలామంది మొత్తం బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించి సగటు ధర వేసుకుంటారు. నేనూ అలాగే వేశాను మొదట. అది తప్పు. మన ఈపీడీసీఎల్ (మాకు కరెంటిచ్చే సంస్థ) ఇంటి కనెక్షన్లకి 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, అది దాటితే 400 దాకా 8.75, ఆ పైన 9.75. మెట్లు ఎక్కినట్టు అన్నమాట. మనం మిగిల్చే యూనిట్లు ఎప్పుడూ పై మెట్టు నుంచే తగ్గుతాయి, కింద మెట్టువి కాదు.

మాకు 250 వచ్చేది కదా. అందులో 225 దాటిన 25 యూనిట్లు 8.75వి. హాల్ ఫ్యాను మిగిల్చిన 28లో ముందు ఆ 25 ఎగిరిపోయాయి, 218 రూపాయలు, మిగిలిన మూడు యూనిట్లు ఆరేసి చొప్పున 18. మొత్తం 236 దాకా. దీనిమీద యూనిట్‌కి ఆరు పైసల డ్యూటీ, సర్దుబాటు చార్జీలని వేస్తారే, అవీ యూనిట్ల మీదే కాబట్టి అవి కూడా కొంచెం తగ్గాయి. కిలోవాట్‌కి పది రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం మీరు ఏ ఫ్యాను పెట్టినా తగ్గదు.

మొదటి నెల బిల్లు చూసి ఎగిరి గంతేసి, ఏప్రిల్‌లో ఆఫరు ఉందని 2,750 పెట్టి పడకగదికి రెండోది కొనేశాను. ఇదీ నేను చేసిన పొరపాటు. అదే కంపెనీ, అదే ఫ్యాను, దాదాపు అదే ధర. కానీ పడకగదిలోది పది గంటలే తిరుగుతుంది, నెలకి 14 యూనిట్లు మిగులుతాయి, పైగా 8.75 మెట్టు అప్పటికే హాల్ ఫ్యాను ఖాళీ చేసేసింది, ఇక ఈ 14 ఆరు రూపాయల మెట్టువే. 84 రూపాయలు! మొదటిదానికి 236, రెండోదానికి 84. ఒకే వస్తువు, ఏ గదిలో పెట్టాం, ఎన్నోది పెట్టాం అన్నదాన్ని బట్టి విలువ మారిపోతోంది. షాపువాడు ఈ మాట ఎందుకు చెప్తాడు?

ఏడాది మొత్తానికి నోటు పుస్తకంలో రాసుకున్నది చెప్తాను. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ హాల్ ఫ్యాను బాగా మిగిల్చింది. మార్చిలో, జూలై నుంచి అక్టోబరు దాకా మా వాడకం ఎలాగూ 225 లోపే కాబట్టి నెలకి 160, 170. చలికాలంలో ఏముంది, జనవరిలో మాకు మామూలుగానే 130 యూనిట్లు, ఫ్యాను ఆరేడు గంటలు తిరిగితే గొప్ప, మిగిలింది 48 రూపాయలు. అన్నీ కలిపితే మొదటి ఫ్యాను ఏడాదిలో 1,700 చిల్లర తెచ్చింది, బిగింపుతో కలిపి 3,050 పెట్టాం కాబట్టి రెండేళ్ళు నిండకుండానే దాని డబ్బు అది తెచ్చేసుకుంటుంది. రెండోది తెచ్చింది 600. దాని డబ్బు రావడానికి ఇంచుమించు ఐదేళ్ళు. వారంటీ రెండేళ్ళు. మీరే చెప్పండి.

మూడోది వంటింటికి కొనలేదు. రోజుకి రెండు గంటలకి నెలకి మూడు యూనిట్లు కూడా మిగలవు. అక్కడ పాత పడకగది ఫ్యాను వేలాడదీశాం, ఎందుకంటే వంటింట్లో అంతకుముందున్నది జిడ్డు పట్టి, ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టి, తిరిగేటప్పుడు ఎగిరిపోతుందేమో అన్నట్టు ఊగేది. తుప్పు సంగతి వచ్చింది కాబట్టి, కొత్తవాటికి కూడా ఏడాదికే పై కప్పు దగ్గర స్క్రూలు ఎర్రబడ్డాయి. సముద్రానికి దగ్గర ఉన్నవాళ్ళు నెలకోసారి పొడిగుడ్డతో తుడవండి, తడిగుడ్డ వద్దు.

ఇప్పుడు తిట్టు. అక్టోబరులో ఒక రాత్రి ఉరుములు, మెరుపులు, కరెంటు మూడు సార్లు పోయి వచ్చింది, తెల్లారి చూస్తే పడకగది ఫ్యాను కదల్లేదు. రిమోటు నొక్కితే బీప్ అంటుంది, తిరగదు. పాత ఫ్యానైతే వీధి చివర అబ్బాయిని పిలిస్తే కండెన్సర్ మార్చి వంద రూపాయల లోపు తీసుకుని వెళ్ళిపోయేవాడు, కాయిల్ కాలినా చుట్టించుకోవచ్చు. ఇది అలా కాదు, లోపల బోర్డు పోయింది, కంపెనీ మనిషే రావాలి. ఫోను చేస్తే మూడు రోజుల్లో వస్తామన్నారు. నాలుగో రోజు చేస్తే షాపు ముద్ర ఉన్న వారంటీ కార్డు ఫోటో పంపమన్నారు. షాపువాడు ముద్ర వేయలేదు, నేను చూసుకోలేదు. బిల్లు కాగితం పట్టుకుని మళ్ళీ డాబాగార్డెన్స్ వెళ్ళి ముద్ర వేయించుకొచ్చి పంపితే, మొత్తం పదకొండో రోజున వచ్చి పది నిమిషాల్లో బోర్డు మార్చి వెళ్ళాడు. డబ్బు తీసుకోలేదు, అది నిజం. "వారంటీ అయిపోయాక ఇదే పోతే ఎంత తమ్ముడూ?" అని అడిగాను. రావడానికి, బోర్డుకి కలిపి వెయ్యి దాకా అవుతుందన్నాడు. అంటే ఈ ఫ్యాను ఏడాదిన్నర పైన మిగిల్చింది ఒక్క ఉరుముకి పోతుంది. ఆ పదకొండు రోజులూ పైకప్పుకి వేలాడింది ఎవరనుకున్నారు, అటక మీద పడేసిన హుద్‌హుద్ ఫ్యానే. అత్తయ్య ఏమీ అనలేదు, నవ్వింది.

కాబట్టి కొన్న రోజే కార్డు మీద ముద్ర వేయించండి, కంపెనీ సైటులో నంబరు కూడా నమోదు చేయండి. ఉరుముల రాత్రి స్విచ్చి దగ్గరే ఆపేయండి, రిమోటుతో ఆపితే ఆగినట్టు కనిపిస్తుంది గానీ బోర్డుకి కరెంటు అందుతూనే ఉంటుంది.

గాలి గురించి ఒక్క ముక్క. పాతదానికంటే ఎక్కువేం కాదు, తక్కువా కాదు, చప్పుడు మాత్రం అస్సలు లేదు, మిషను కుడుతున్నప్పుడు కింద వీధిలో ఎవరు పిలిచినా వినపడుతోంది. కానీ ఎండాకాలం సాయంత్రాలు మా వీధిలో వోల్టేజి పడిపోతుంది, వీధిలో ఏసీలన్నీ ఒకేసారి వేస్తారు కదా, అప్పుడు పాత ఫ్యాను ఎద్దులా నడిచేది. ఇది ఒకే స్పీడులో తిరుగుతోంది, దీనికి ఆ హెచ్చుతగ్గులతో పని లేదు. బిల్లు సంగతి పక్కన పెట్టినా ఒక్క దీనికోసం హాల్లో ఫ్యాను మార్చినందుకు నాకు బాధ లేదు. ఇన్వర్టరు ఉన్నవాళ్ళకి కూడా బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, మాకు లేదు కాబట్టి చూడలేదు. టైమరు ఉంది, తెల్లవారుజామున చలేస్తుందనుకుంటే నాలుగు గంటలకి పెట్టి పడుకోవచ్చు, డిసెంబరులో బాగా పనికొచ్చింది. ఫ్యాను మధ్యలో రాత్రంతా వెలిగే చిన్న లైటు మాత్రం ఎవరికి తట్టిన ఆలోచనో గానీ, దాని మీద నల్ల టేపు అంటించాం.

మా పైపోర్షను ఆవిడ అడిగింది, మేమూ కొనమంటావా అని. ఆవిడ లెక్క వేరు. వాళ్ళకి సబ్‌మీటరు, ఓనరు యూనిట్‌కి 9 రూపాయలు చొప్పున తీసుకుంటాడు, మెట్లు లేవు, మొదటి యూనిట్టూ తొమ్మిదే, చివరిదీ తొమ్మిదే. అలాంటివాళ్ళకి రెండో ఫ్యాను కూడా నెలకి 126 మిగులుస్తుంది, నాకు వచ్చే 84 కంటే నయం. అద్దె ఇల్లు కాబట్టి ఓనరు ఫ్యాను జాగ్రత్తగా దాచి, ఖాళీ చేసేటప్పుడు అది బిగించి మనది మనం తీసుకెళ్ళిపోవడమే, పాత రెగ్యులేటరు పారేయకండి మరి. ఎదురింటి వాళ్ళ భయం ఇంకొకటి, వాళ్ళకి ఏసీ ఉంది, తల్లికి వందనం లాంటి ప్రభుత్వ పథకాలకి నెలకి సగటున 300 యూనిట్ల లోపు ఉండాలన్న షరతు ఉంది కదా, వాళ్ళు ఆ గీతకి అటూ ఇటూ ఊగుతుంటారు. వాళ్ళకి నలభై యూనిట్లు తగ్గితే బిల్లు కంటే ఎక్కువే కలిసొస్తుంది.

ఒకటి మాత్రం ఎవరూ చెప్పట్లేదు. 2023 జనవరి నుంచి సీలింగు ఫ్యాన్లకి స్టార్ రేటింగు తప్పనిసరి చేశారు, అందుకే ఇప్పుడు షాపుల్లో దొరికే మామూలు ఫ్యాన్లు కూడా 50 వాట్ల చుట్టుపక్కలే ఉంటున్నాయి. అంటే మీ ఇంట్లో ఉన్నది ఈ రెండు మూడేళ్ళలో కొన్నదైతే దాన్ని తీసేసి బీఎల్‌డీసీ పెట్టకండి, నేను చెప్పిన మిగులులో సగం కూడా రాదు. తీయాల్సింది 75 వాట్ల ముసలివాటిని, అందులోనూ రోజంతా తిరిగేదాన్ని. పేరు చూసి కాదు, వెనక అంటించిన కాగితం మీద వాట్లు చూసి.

ఇక రిమోటు. మా ఇంట్లో దానిమీద జరిగినన్ని గొడవలు టీవీ రిమోటు మీద కూడా జరగలేదు. మొదటి నెలలోనే బాబు దాన్ని మంచం కింద పడేసి మర్చిపోతే ఆ రోజంతా స్విచ్చి వేసి ఆపి, వేసి ఆపి స్పీడు మార్చుకున్నాం, అలా కూడా మారుతుందని అప్పుడే తెలిసింది. కొత్త రిమోటు 250 అన్నారు, కొనలేదు, చీపురుతో వెతికి తీశాను. ఇప్పుడు ఫాల్స్ కుట్టే దారంతో కిటికీ చువ్వకి కట్టేశాను, అత్తయ్య మంచం మీద నుంచి అందేలా. ఆవిడకి అందులో రెండే బటన్లు తెలుసు, పెంచేది, తగ్గించేది. మధ్యాహ్నం నేను మిషను దగ్గర చెమటతో కుడుతూ ఐదు మీద పెడతాను, ఐదు నిమిషాలకి మూడు మీద ఉంటుంది. "సలేస్తందమ్మా" అంటుంది, మే నెలలో. మూడు మీద పది నిమిషాలకి ఆరే మెరుపులు కదా అని నేనూ ఊరుకుంటాను.

హాల్ ఫ్యానుకి ఐదుకి నాలుగు, పడకగదిదానికి రెండు.